మనీలాకి వెళ్ళని మా అమ్మ పేరు

యానాం వెళ్ళొచ్చానంటే మనవాళ్ళు అడిగేది ఒకటే, ఎన్ని సీసాలు తెచ్చావని. సికింద్రాబాదులో మా ఆఫీసువాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. నేను తాగనంటే నవ్వుతారు. టీ కూడా తాగనంటే నవ్వడం మానేసి అనుమానంగా చూస్తారు. ఎవరెవరు ఎలా చూశారో నాకు గుర్తుంది. వాళ్ళకి చెప్పాలనిపించక చెప్పలేదు. యానాం చూడనివాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల నడుమ సంగతి ఇది. అప్పట్లో నేను మార్మన్లనే అమెరికా క్రైస్తవ శాఖలో మిషనరీని. ఆ మతంలో పెళ్ళికాని కుర్రాళ్ళు రెండేళ్ళు ఇల్లు వదిలి, పంపిన ఊళ్ళో, ఇచ్చిన జతగాడితో ఉండి బోధ చెయ్యాలి. నన్ను రాజమండ్రి పంపారు. నాకు జతగా వచ్చినవాడు అమెరికా కుర్రాడు, ఎల్డర్ హాల్. ఎల్డర్ అంటే పెద్ద అని. ఇద్దరికీ మీసాలే సరిగ్గా రాలేదు. తెల్ల చొక్కా, టై, జేబు మీద పేరున్న నల్ల బిళ్ళ. పొద్దున్నే మోకాళ్ళ మీద ప్రార్థన, తర్వాత ఎండలో తలుపులు తట్టడం, తలుపు తీసినవాళ్ళు టీ ఇస్తే, మా మతంలో కూడదు కాబట్టి, వద్దనడం. సినిమా లేదు, ఈత లేదు. నెలలో మొదటి ఆదివారం పస్తు. జతగాడు కనుచూపు దాటి పోకూడదు. ఇంటికి ఫోను ఏడాదిలో రెండుసార్లే, క్రిస్మస్‌కీ, అమ్మల పండగకీ. "నీకు అమ్మ లేదు కదా, ఆ రెండో ఫోను వేరేవాళ్ళకి ఇద్దాం" అన్నాడు మా మిషను పెద్దాయన. మంచి మనసుతోనే అన్నాడని అందరూ చెప్పారు. ఏ మనసుతో అన్నా అన్నాడు కదా.

మా అమ్మ పేరు మాణిక్యం. నాకు నాలుగేళ్ళప్పుడు యానాంలో పుట్టింట్లో ఉండగా జ్వరం తగిలి పోయిందని నాన్న చెప్పాడు. ఆ తర్వాత ఆ ఇంటికీ మాకూ రాకపోకల్లేవు. మా మతంలో పోయినవాళ్ళకి కూడా బాప్తిస్మం ఇప్పించవచ్చు. వాళ్ళ బదులు బతికున్నవాళ్ళొకరు, వాళ్ళ పేరు చెప్పుకుని నీళ్ళలో మునుగుతారు. పుచ్చుకోవాలో వద్దో పోయినవాళ్ళ ఇష్టం. తల్లినీ బిడ్డనీ ఎప్పటికీ విడిపోకుండా కలిపే క్రతువు ఇంకొకటి ఉంది. దానికి ఇది మొదటి మెట్టు. ఇవి జరిగే మందిరం మనకి దగ్గరంటే మనీలాలో ఉంది. నేను వెళ్ళక్కర్లేదు, అమ్మ పేరు పంపితే చాలు. పేరుతో పాటు ఆవిడ పుట్టిన రోజు, ఆవిడ తల్లిదండ్రుల పేర్లు కావాలి. నాన్నని అడిగితే "నాకేం తెలుసు, వాళ్ళనే అడుగు" అన్నాడు. అందుకే యానాం. పెద్దాయనని పదే పదే అడిగితే, అదీ అమలాపురంలో వేరే పని ఉంది కాబట్టి, సరేనన్నాడు.

ఎదుర్లంక రేవు

అమలాపురం వైపు నుంచి వస్తే ఎదుర్లంకలో రోడ్డు ఆగిపోతుంది. ముందర గోదావరి, అవతల యానాం. పంటు మీద దాటాలి. పంటు అంటే రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టినది. దాని మీద మనుషులూ, సైకిళ్ళూ, మేకలూ, కొబ్బరికాయల గోతాలూ కలిసే ఎక్కుతాయి.

"దొరగారికి కుర్చీ ఎయ్యండెహె!" అని పంటు నడిపే ఆయన కేకేశాడు. ఎక్కణ్ణించో మడత కుర్చీ వచ్చింది. హాల్ కూర్చున్నాడు.

"మరి నాకో?" అన్నాను.

"నువ్వు సంచీలు పట్టుకో బాబూ. కింద పెడితే దొరగారియ్యి తడిసిపోతాయండి."

నాకు 'నువ్వు', సంచీలకి 'అండి'. దాటినంతసేపూ రెండు సంచులూ పట్టుకుని నిలబడ్డాను. హాల్ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. పొగరు కాదు, భయం. మిషనరీలకి ఈత కూడదన్న నియమం వెనక, నీళ్ళ మీద సైతానుకి అధికారం ఉందని మా కుర్రాళ్ళలో ఒక మాట ఉండేది. హాల్ అది నమ్మేవాడు. కుర్చీ చేతుల్ని పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. "గోదావరి మాది, మమ్మల్నేం చెయ్యదు" అన్నాను.

యానాం ఒడ్డున బురదలో వాడి బూటు ఒకటి దిగబడి రాలేదు. ఇద్దరు మనుషులు మోచేతుల దాకా పెట్టి వెతికినా దొరకలేదు. నా సంచిలోని రబ్బరు చెప్పులు వాడికిచ్చాను. అవి తిరిగి ఇవ్వలేదని ఈ సందర్భంగా రాస్తున్నాను.

యానాం బజారు

చుట్టూ ఆంధ్రా, మధ్యలో ఈ కాస్త నేల పాండిచ్చేరిది. మాట మన గోదావరి మాటే. పోలీసు టోపీ మాత్రం ఎర్రగా, డబ్బాలా ఉంటుంది. బ్రాందీ షాపులు మన ఊళ్ళలో కిళ్ళీ కొట్లున్నట్టు ఉంటాయి. సాయంత్రం పంటు దిగే మగాళ్ళలో చాలామంది నేరుగా అటే నడుస్తారు. తెల్ల చొక్కాల్లో మేమిద్దరం వాటిని దాటుకుపోతుంటే ఒకాయన లోపల్నించి పిలిచాడు. "దొరగారూ, దారి తప్పేరండి! ఇటు, ఇటు!"

హాల్‌ని ఊరంతా పెన్షన్ల దొర అనుకుంది. ఫ్రెంచి సైన్యంలో చేసినవాళ్ళకి ఇక్కడ ఇంకా ఫ్రాన్సు నుంచి పెన్షను వస్తుంది. చర్చి దగ్గర ఒక ముసలాయన, ఇస్త్రీ చేసిన కోటు, చేతిలో కర్ర, ఎదురొచ్చి నిలబడి ఫ్రెంచిలో పలకరించాడు. హాల్ నవ్వి, "నమస్కారం అండి, నాకు తెలుగు కొంచెం వచ్చును" అన్నాడు. ముసలాయన మొహం వాడిపోయింది. నా వైపు తిరిగి, "ఫ్రెంచి రాని తెల్లోణ్ణి ఎందుకు తెచ్చేవయ్యా?" అన్నాడు. నేనేదో సరుకు మార్చి తెచ్చినట్టు.

ఒకావిడ గంపలో చీరమీను పెట్టుకుని గ్లాసుతో కొలిచి అమ్ముతోంది. దీపావళి ముందు రోజుల్లో, తూర్పు గాలి తిరిగాక, దారప్పోగుల్లాంటి ఈ చేపపిల్లలు ఏటి మొగలోకి వస్తాయి. వలలో నిలవవు, పాత చీరలతో వడగట్టి పడతారు. గ్లాసు రెండు రూపాయలంది. హాల్‌ని చూశాక నాలుగంది. నేను పోట్లాడాను. రెండుకే తీసుకుని, అమ్మ తోడబుట్టిన వెంకన్న మామయ్య ఇల్లెక్కడని అడిగాను. ఆవిడ నా మొహం చూసి గ్లాసు గంపలో పడేసింది.

"మాణిక్యం కొడుకువా? ఓరి నాయనో, అదే మొహం! ఎలా వచ్చేవు బాబూ, కాకినాడ బస్సా?"

"లేదు, పంటు మీద."

ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత మొహం పక్కకి తిప్పుకుని, చేత్తోనే ఫరంపేట దారి చూపించింది. పంటు మీద వచ్చినవాళ్ళని ఇక్కడ తక్కువగా చూస్తారు కాబోలు అనుకున్నాను. అది కూడా మనసులో రాసుకున్నాను.

ఫరంపేట

మామయ్య వెంకన్న బ్రాందీ షాపులోనే పనిచేస్తాడు. నన్ను గుమ్మంలో నిలబెట్టి పైనుంచి కింద దాకా చూశాడు.

"ఏవయ్యా అల్లుడూ, ఇన్నేళ్ళకి దారి తెలిసిందా? మీ నాన్న బాగున్నాడా? మా మీద కోపం తగ్గిందా, ఇంకా పెంచుకుంటన్నాడా?"

మీ కోపం తగ్గిందా అని నేనూ అడిగాను. అలా మొదలైంది. అత్తయ్య టీ తెచ్చింది. మేం తాగమన్నాం.

"మా ఇంట్లోనా, ఎక్కడానా?" అంది.

"ఎక్కడా తాగం. కాఫీ కూడా."

"ఇంక మందు మాటే లేదన్నమాట," అన్నాడు మామయ్య. "ఇద్దరు మగాళ్ళు యానాం వచ్చి గుక్క పుచ్చుకోకుండా నా ఇంట్లో ఉన్నారని తెలిస్తే మా ఓనరు నన్ను తీసేస్తాడయ్యా."

అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆ రెండు గ్లాసుల టీ మా ఎదురుగానే చల్లారిపోయింది. తీసుకెళ్ళలేదు. మర్యాద తెలిసినవాళ్ళెవరూ అలా చెయ్యరు.

అప్పుడు వచ్చింది అమ్మమ్మ. చిన్న మనిషి. నా చొక్కా బిళ్ళ పట్టుకుని, అది అక్కడ ఎందుకుందో అర్థంకానట్టు వేలితో రుద్దింది. నా బుగ్గ మీద చెయ్యి వేసింది. "బుజ్జోడా" అంది. తర్వాత చీరమీను ఆవిడ అడిగిందే ఈవిడా అడిగింది. "ఎలా వచ్చేవురా?"

"పంటు మీద."

చెయ్యి తీసేసి లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళకి మనవడొస్తే ఇదా పలకరింపని హాల్‌తో ఇంగ్లీషులో అన్నాను.

అన్నాల దగ్గర మళ్ళీ వచ్చి కూర్చుంది. అత్తయ్య చీరమీను చింతచిగురేసి వండింది. హాల్ వేళ్ళు నాకుతూ తిన్నాడు. వాడికి రెండోసారి అడక్కుండానే వడ్డించారు, నన్ను అడిగారు. సరే, ఇప్పుడైనా పని చూసుకుందామని అమ్మ పుట్టిన రోజు అడిగాను. ఎందుకని అమ్మమ్మ అడిగింది. చెప్పాను. మనీలా, మందిరం, అమ్మ బదులు నీళ్ళలోకి దిగే ఎవరో ఆడపిల్ల. ఇంత దూరం వచ్చింది అమ్మ కోసమేనని వాళ్ళకి తెలియాలని గట్టిగానే చెప్పాను.

"నీళ్ళల్లోనా?" అంది అమ్మమ్మ.

"అవును. ఊరికే చిలకరించడం కాదు. తల పూర్తిగా మునగాలి. వెంట్రుక పైకి తేలినా మళ్ళీ ముంచుతారు. మాలో అంత నిష్ఠ."

అత్తయ్య గరిటె గిన్నెలోనే వదిలేసింది. మామయ్య తింటున్నవాడు ఆగిపోయాడు. అమ్మమ్మ నన్నే చూస్తోంది.

"నీళ్ళల్లో పోయిన పిల్లని మళ్ళీ నీళ్ళల్లో ముంచుతావేంట్రా?"

నాకు అర్థం కాలేదు. "జ్వరంతో కదా పోయింది" అన్నాను.

"జ్వరం నీకురా," అంది. "ముమ్మిడివరంలో పెళ్ళికి బయలుదేరాం. నీ ఒళ్ళు ఎచ్చగా ఉందని నిన్ను అత్త దగ్గర పడుకోబెట్టి, మేమిద్దరం ఎల్లాం. తిరిగొచ్చేటప్పుడు నీ కోసం తొందర పడింది. పంటు వొచ్చేదాకా ఆగుదామే అంటే, పిల్లోడు ఏడుస్తుంటాడమ్మా అని చిన్న పడవ ఎక్కించింది. నడి గోదాట్లో గాలి తిరిగింది. అందరం నీళ్ళల్లో పడ్డాం. దాని చెయ్యి నా చేతిలోనే ఉందిరా. ఉంది. నన్నెవరో ఒడ్డుకి లాగేక చూసుకుంటే గాజొకటే ఉంది."

హాల్‌కి ఆ మాటలు అందలేదు, మా మొహాలు మాత్రం చూస్తున్నాడు.

"అల్లుడికి తెలీదే అమ్మా," అన్నాడు మామయ్య మెల్లగా.

ఊరంతటికీ తెలుసు. చీరమీను అమ్మే ఆవిడకి తెలుసు. పంటు నడిపినాయనకి కూడా తెలిసే ఉంటుంది. కొడుకునైన నాకు తెలీదు. నేను ఆ నీళ్ళ మీద నిలబడి, ఇంకొకడి భయం చూసి నవ్వాను. నాన్న మీద నాకున్న ఫిర్యాదులు చాలా పాతవి. ఇది వాటన్నిటి కంటే పైన ఉంటుంది. ఎందుకు దాచాడో తర్వాత అర్థమైంది, నీ కోసం తొందరపడి పోయిందన్న మాట నా చెవిన పడకూడదని. అర్థమైనంత మాత్రాన పోయేది కాదది.

అడవిపొలం

మర్నాడు అమ్మమ్మ, "మీ అమ్మ చీర చూద్దువుగాని రా" అని మమ్మల్ని యానాంలోనే ఉన్న అడవిపొలం తీసుకెళ్ళింది. పెద్దల అమావాస్యకి పోయినవాళ్ళ పేరున కొత్త బట్టలు పెట్టి, తర్వాత ఎవరికైనా ఇవ్వడం అన్ని ఇళ్ళలోనూ ఉంది. అమ్మమ్మ పద్ధతి కొంచెం వేరు. అమ్మ పేరున పెట్టే చీర మీద నీటి చుక్క పడనివ్వదు. పొడి చీర పెడుతుంది, పొడి చీరే ఇస్తుంది. పుచ్చుకున్నవాళ్ళు అది కట్టుకుని రేవుకి వెళ్ళకూడదు. అమ్మమ్మ కూడా పడవ మునిగిన రోజు నుంచి గోదావరి ఒడ్డు తొక్కలేదు.

ఆ ఏడు చీర పుచ్చుకున్నది నాగమణి అని పెళ్ళైన పిల్ల, అమ్మ పోయిన వయసే ఉంటుంది. ఆకుపచ్చ చీరలో వాకిట్లో చేపలు ఎండబెడుతోంది.

"ఏమే, నిన్న రేవు దగ్గర కనపడ్డావంట?" అంది అమ్మమ్మ.

"ఎల్లేనండి మామ్మగారూ, కానీ పాత చీర కట్టుకెల్లేను. ఒట్టండి. ఇది కట్టుకుని నూతి దగ్గరికి కూడా ఎల్లడం లేదు, మా అత్త తిడుతుంది."

"తిట్టనీ. నా పేరు చెప్పు."

నాగమణి నన్ను చూసి కొంగు నిండుగా కప్పుకుంది. ఆ చీరని నేను చాలాసేపు చూశాను. హైదరాబాదులో మా ఇంట్లో అమ్మది ఒక్క బట్ట లేదు. ఇక్కడ ఏడాదికొక కొత్త చీర.

తిరిగొస్తుంటే, రాత్రి ఏమైందో చెప్పమని హాల్ అడిగాడు. నడుస్తూనే చెప్పాను. వాడు దారి మధ్యలో ఆగిపోయాడు. వాళ్ళ దేశంలో పన్నెండేళ్ళ వయసు నుంచే పోయినవాళ్ళ బదులు నీళ్ళలో దిగాడట. ఒక్క పూటలో ఎన్నో పేర్లు, ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క మునక. "వాళ్ళలో నీళ్ళలో పోయినవాళ్ళు ఉండే ఉంటారు. నేను ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నాడు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. నా అమ్మ గురించి నాకంటే ముందు వాడు ఏడవడం నాకు నచ్చలేదు.

తర్వాత వాడు అమ్మమ్మ ముందుకెళ్ళి నిలబడ్డాడు. "మామ్మగారు, చూడండి" అని, నన్ను పక్కన నిలబెట్టాడు. ఎడమచేత్తో నా కుడి మణికట్టు పట్టుకున్నాడు. నా ఎడమచేత్తో వాడి ముంజేతిని పట్టుకోమన్నాడు. కుడిచెయ్యి నా వీపుకి ఆనించి, కొంచెం వెనక్కి వంచి, వెంటనే పైకి లేపాడు. రోడ్డు మీద, ఎండలో, ఒక కాలికి కూడా సరిపోని నా చెప్పులతో. "ఇలా పట్టుకుంటారు. నీళ్ళలో ఒక్క క్షణం. వదలరు. ఇద్దరూ పట్టుకుంటారు కాబట్టి జారదు."

అమ్మమ్మ దగ్గరికొచ్చి ఆ పట్టు చూసింది. హాల్ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, వాటి చోట తన వేళ్ళు పెట్టింది. నా మణికట్టు పట్టుకుని నొక్కింది. ముసలి చేతిలో అంత బలం ఉంటుందనుకోలేదు.

"తడి చెయ్యైనా జారదా?"

"జారదండి," అన్నాడు హాల్.

ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.

తాళ్ళరేవు రోడ్డు

వెళ్ళేటప్పుడు పంటు మాటే ఎత్తనివ్వలేదు. కాకినాడ మీదుగా బస్సులోనే వెళ్ళాలంది. చుట్టు తిరుగుడని నేనన్నాను. "చుట్టు తిరిగితే ఏం పోయింది, ప్రాణం పోదు కదా" అని మామయ్య బస్సు దగ్గరికి తీసుకెళ్ళాడు. హాల్‌కి తన పాత బూట్లిచ్చాడు. నాకు ఏమీ ఇవ్వలేదు.

అమ్మమ్మ బస్సు కిటికీ దగ్గర నిలబడింది. నేను అడక్కుండానే చెప్పింది.

"మీ అమ్మ పుట్టింది పరాసోళ్ళ జెండా, అదే ఫ్రెంచోళ్ళ జెండా, ఉన్నప్పుడు. దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, చీరమీను పడ్డ పూట. మీ తాత అవి పట్టుకొచ్చేసరికి ఇది పుట్టింది. తారీకులు మాకు తెలవ్వు. మీ తాత పేరు అప్పలస్వామి. నా పేరు తెలుసా నీకు?"

తెలీదు. అమ్మమ్మ అనే తెలుసు. తల అడ్డంగా ఊపాను.

"సూరమ్మ. రాసుకో. ఇప్పుడు నా మాట విను. మీ దేవుడు నాకొద్దు. నాకున్నాళ్ళు చాలు. కానీ దాన్ని ఒక్కదాన్నీ నీళ్ళల్లో దించకు. నేను పోయాక ముందు నన్ను దించు. తర్వాతే దాన్ని. నేను నీళ్ళల్లో ముందే నిలబడుంటే అది బెదరదు." కిటికీలోంచి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకుంది. "ఈసారి వొదల్ను."

బస్సు కదిలేదాకా పట్టుకునే ఉంది. కండక్టరు "మామ్మా, చెయ్యి తియ్యండి" అని రెండుసార్లు అరిచాడు. తాళ్ళరేవు దాటేదాకా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. హాల్ ఏమీ అడగలేదు. అందుకు వాడికి నా చెప్పులు వదిలేయవచ్చు, కానీ వదల్లేదు.

రాజమండ్రిలో పెద్దాయన అడిగాడు. ఇంత దూరం వెళ్ళి వివరాలన్నీ తెచ్చుకుని పేరు పంపకపోవడమేంటన్నాడు. పంచాంగం చూస్తే తేదీ తేలుతుందన్నాడు. తేలింది కూడా. అయినా పంపనన్నాను. అందరి ముందూ, ఆదివారం సభలో, పేరు చెప్పకుండా, విశ్వాసం తక్కువైన కుర్రాడి గురించి మాట్లాడాడు. అందరూ నా వైపే చూశారు. హాల్ లేచి నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆ మాటలు అన్నవాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు, నా మతం క్షమించమంటుంది.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నేను మిషనరీని కాదు. అయినా పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చోవడం మానలేదు. దీపావళి ముందు చీరమీను రోజుల్లో యానాం వెళ్తాను, బస్సులో, కాకినాడ మీదుగా. అమ్మమ్మకి చూపు తగ్గింది. నా చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర తడిమి మరీ పోల్చుకుంటుంది. పోయినసారి, "ఇంకా పంపలేదు కదా?" అని అడిగింది. లేదన్నాను. "మంచిది, తొందరేం లేదు" అంది.

రోజూ ప్రార్థనలో నేను అడిగేది ఒకటే. అమ్మ పేరు ఇంకా చాలా ఏళ్ళు నా దగ్గరే ఉండాలని.